మూడు కార్లకు తెర మీద ఏడు చుక్కలు వస్తున్నాయి. తప్పు అల్గారిథమ్‌దా, నాదా?

చుక్కలలెక్క

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ప్రశ్న కాస్త పొడుగైతే ఓర్చుకోండి.

ఒక ఖాళీ మైదానంలో చిన్న డిస్ట్రిబ్యూటెడ్ మైమో రాడార్ పెట్టాం, అంటే పంపేవీ అందుకునేవీ ఒకటికి మించి, విడివిడి చోట్ల ఉండే రాడార్. రెండు ట్రాన్స్‌మిటర్లు (టీ1, టీ2), మూడు రిసీవర్లు (ఆర్1, ఆర్2, ఆర్3), అన్నీ దూరదూరంగా. మైదానం సుమారు 300 మీటర్లకు 300 మీటర్లు. మధ్యలో తిన్నగా ఒక నడకదారి ఉంది, కరెంటు వైరు దాని పక్కనే పోతుంది. అందుకని ఐదు పెట్టెల్నీ ఆ దారి వెంటే నిలబెట్టాం. ఎడమ చివర ఆర్1, అక్కణ్నుంచి 40 మీటర్లకు టీ1, ఇంకో 80కి ఆర్2, మళ్లీ 80కి టీ2, ఆపైన 40కి ఆర్3. అటూ ఇటూ ఒక మీటరు తేడా ఉండొచ్చు. యాంటెన్నాలు అన్ని వైపులా చూసేవే.

బ్యాండ్‌విడ్త్ 40 మెగాహెర్ట్జ్, క్యారియర్ 5.8 గిగాహెర్ట్జ్. టీ1, టీ2 వంతులవారీగా పంపుతాయి, ఒక్కోదానికి 2 మిల్లీసెకన్లకోసారి వంతు వస్తుంది. ప్రతి పెట్టెకూ సొంత జీపీఎస్ క్లాక్ ఉంది. టార్గెట్లు మూడు కార్లు, మావాళ్లే నడుపుతున్నారు, దారికి రెండు వైపులా తిరుగుతుంటాయి. వేగం గంటకు 18 కిలోమీటర్లు దాటదు.

నేను చేసేది ఇది. ఒక టీ, ఒక ఆర్ కలిస్తే ఒక జత, మొత్తం ఆరు జతలు. ఒక్కో జతలో కదలని వస్తువుల్ని తీసేసి, కదిలేవాటి ఆలస్యం కొలుస్తాను. దాన్ని కాంతి వేగంతో గుణిస్తే టీ నుంచి కారుకు, కారు నుంచి ఆర్‌కు కలిపి మొత్తం దూరం వస్తుంది. ఆ మొత్తం మారకుండా ఉండే బిందువులన్నీ ఒక దీర్ఘవృత్తం, టీ, ఆర్ దాని నాభులు. మూడు కార్లు, ఆరు జతలు, 18 దీర్ఘవృత్తాలు. అవి ఒకదాన్నొకటి కోసుకునే చోట్లన్నీ లెక్కగట్టి, ఎక్కడ గుంపు కడితే అక్కడ కారు ఉందనుకుంటున్నాను. ఆ తర్వాత లీస్ట్ స్క్వేర్స్‌తో (తప్పుల వర్గాల మొత్తాన్ని వీలైనంత తగ్గించే లెక్కతో) స్థానం సరిదిద్దుతాను.

ఎన్ని జతలు ఒప్పుకుంటే కారు అనాలి? మొదట ఆరూ ఒప్పుకోవాలని పెట్టాను. ఒక్క చుక్క కూడా రాలేదు. ఐదుకు దించాను, అప్పుడూ సున్నాయే. నాలుగుకు దించితే ఒక్కసారిగా ఏడు! ఒకే ఒక్క కారు తిరుగుతున్నప్పుడు కూడా రెండు చుక్కలు వస్తున్నాయి. దగ్గరి బిందువుల్ని గుంపు కట్టే క్లస్టరింగ్ పద్ధతులు మూడు రకాలు మార్చి చూశాను, ఏడు తొమ్మిదైంది తప్ప మూడు కాలేదు.

ఏ ప్రతిధ్వని ఏ కారుదో తేల్చడానికి మంచి అల్గారిథమ్ ఏదైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌తో బుర్ర పనిచేయడం మానేసింది.

---

రవ్వంత_నాయిస్

బ్రో, ఏడే వచ్చాయంటే నువ్వు అదృష్టవంతుడివి. లెక్క చూడు. ఆరు జతల్లోంచి రెండేసి చొప్పున తీస్తే 15 రకాలు. ఒక్కోదాంట్లో ఇటు మూడు, అటు మూడు దీర్ఘవృత్తాలు, అంటే 9 కలయికలు. మొత్తం 135. అందులో ఒకే కారుకు చెందినవి 45. మిగతా 90 ఒక కారు దీర్ఘవృత్తాన్ని ఇంకో కారుదానితో కోయించినవే. పైగా నాభి ఒకటి ఉమ్మడిగా ఉంటే రెండు చోట్ల కోసుకోవచ్చు, లేకపోతే నాలుగు చోట్ల దాకా. దయ్యాలు, అంటే కారు లేనిచోట వచ్చే ఉత్తుత్తి చుక్కలు, పుట్టకుండా ఎలా ఉంటాయి?

హంగేరియన్ అల్గారిథమ్ వాడేద్దామని మాత్రం అనుకోకు, నేను అలాగే ఒక వారం పోగొట్టుకున్నాను. రెండు జాబితాల్ని జతపరచడానికి అది బ్రహ్మాండం. నీ దగ్గర ఆరు జాబితాలున్నాయి. జాబితాలు మూడైనా చాలు, అది ఎన్‌పీ-హార్డ్ లెక్క అయిపోతుంది, అంటే వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని రకం.

కానీ నీకు మూడు కార్లే కాబట్టి ముతకగా కానిచ్చేయొచ్చు. మొదటి జతలో వరస ఎలా ఉంటే అలా ఉంచి, మిగతా ఐదు జతల్లో ఒక్కోదానికి 6 వరసలు ప్రయత్నించు. 6ని ఐదుసార్లు గుణిస్తే 7,776. లాప్‌టాప్‌కి అదొక లెక్కే కాదు. ప్రతిదానికీ స్థానాలు కట్టి, మొత్తం తప్పు తక్కువ ఉన్నదాన్ని పట్టుకో. ఐదు కార్లయితే మాత్రం ఇటు రాకు, అప్పుడు 120ని ఐదుసార్లు గుణించాలి, 2,488 కోట్లు దాటుతుంది.

---

పాతకాపు

పై మిత్రుడి లెక్కలో తప్పు లేదు. కానీ ఆ 7,776లో ఏ ఒక్కటీ మీకు సరిగ్గా కుదరదని నా అనుమానం. జత కలపడం దాకా పోకముందే వేరే గొడవ ఒకటుంది. అదేంటో మీ ప్రశ్నలోనే ఉంది, మీరే రాశారు.

ఆరు ఒప్పుకోవాలంటే సున్నా. ఐదంటే సున్నా. నాలుగనగానే బిలబిలమంటూ వచ్చేశాయి. ఉత్త నాయిస్ వల్ల అయితే ఇలా మెట్టు దిగినట్టు ఉండదు. ఒక క్షణం ఆరు, మరో క్షణం ఐదు, కాసేపు మూడు, ఇలా చెదురుతూ ఉంటుంది. ఎప్పుడు చూసినా సరిగ్గా రెండు జతలు పేచీ పెడుతున్నాయంటే ఆ రెండూ ఒకే ఇంటివి. మీకు ట్రాన్స్‌మిటర్లు రెండు, కాబట్టి ఒక రిసీవర్ చెడితే పాడయ్యేవి రెండు జతలు. ట్రాన్స్‌మిటర్ చెడి ఉంటే మూడు జతలు పోయేవి, మీరు మూడుకు దించేదాకా ఏమీ కనపడేది కాదు. కాబట్టి మూడు రిసీవర్లలో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏదో ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరు మాత్రం పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

మీరు కదలని వస్తువులన్నిటినీ తీసి పారేస్తున్నానన్నారు చూశారా, వాటితో పాటు టీ నుంచి ఆర్‌కు నేరుగా వచ్చే సిగ్నల్‌ని కూడా పారేస్తున్నారు. అది బంగారం. పెట్టెల మధ్య దూరాలు మీరు టేపుతో కొలిచే ఉంటారు. మీరు రాసిన ప్రకారం టీ1 నుంచి ఆర్1కి 40, ఆర్2కి 80, ఆర్3కి 200 మీటర్లు. టీ2 నుంచి ఆర్1కి 200, ఆర్2కి 80, ఆర్3కి 40. తీసేయకముందు రికార్డింగ్ తెరిచి, ప్రతి జతలో మొదటి పెద్ద శిఖరం ఎక్కడుందో చూడండి. ఆ ఆరు అంకెలూ రావాలి. ఏది రాకపోతే దాని సంగతి చూడండి.

ఒక నానోసెకను తేడా అంటే 30 సెంటీమీటర్లు. వినడానికి చిన్నదే. మామూలు జీపీఎస్ క్లాకుల మధ్య పదుల నానోసెకన్ల తేడా వింతేమీ కాదు, అంటే అక్కడికే కొన్ని మీటర్లు.

క్లాక్‌ని అనుమానించే ముందు కేబుళ్లు కూడా చూడండి. నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒకచోట మూడు రోజుల పాటు సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాణ్ని కోప్పడుతూ కూర్చున్నాం. చివరికి తేలిందేమిటంటే, కాలికి తగులుతోందని ఎవరో ఒక కేబుల్‌ని చుట్టు తిప్పి వేయడానికి పొడుగుది మార్చారు. లాగ్ పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదు. ఆ కుర్రాడికి నేను ఇప్పటికీ బాకీ.

ఇంకో మాట, విషయానికి కాస్త పక్కదే. 1935 ఫిబ్రవరి 26న ఇంగ్లండ్‌లోని డావెంట్రీ దగ్గర వాట్సన్-వాట్, విల్కిన్స్ అనేవాళ్లు చేసిన బ్రిటన్ తొలి రాడార్ పరీక్షలో ట్రాన్స్‌మిటర్ బీబీసీ వాళ్లది, రిసీవర్ మైళ్ల దూరంలో ఒక వ్యానులో. విడివిడిగా పెట్టడం కొత్త సంగతి కాదు, బ్రిటన్ రాడార్ పుట్టిందే అలా. వాళ్లకూ మొదటి తలనొప్పి నేరుగా వచ్చే సిగ్నలే.

---

చుక్కలలెక్క

సార్, మీకు శతకోటి దండాలు.

ఆరు అంకెలూ చూశాను. ఆర్1, ఆర్2 రెండూ టేపు చెప్పినట్టే ఉన్నాయి, ఒక మీటరు అటూ ఇటూ. ఆర్3 దగ్గర మాత్రం 200 రావాల్సిన చోట 215, 40 రావాల్సిన చోట 55. రెండింట్లోనూ అదే 15.

వెంటనే మైదానానికి పరిగెత్తాను. ఆర్3 యాంటెన్నా స్తంభం పెట్టె నుంచి దూరమైపోయిందని 10 మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్ తగిలించాం. తగిలించింది నేనే. మా కేబుల్‌లో సిగ్నల్ కాంతి వేగంలో మూడింట రెండు వంతులతోనే పోతుంది కాబట్టి 10 మీటర్లకు 50 నానోసెకన్లు. గాలిలో లెక్కేస్తే సరిగ్గా 15 మీటర్లు. 40 మెగాహెర్ట్జ్‌కి నా రిజొల్యూషన్ (రెండింటిని విడిగా చూడగల కనీస తేడా, అదే ఒక గడి) మొత్తం దూరంలో 7.5 మీటర్లు, అంటే ఆర్3 రెండు గడులు పక్కకు జరిగి కూర్చుంది. ఇక మిగతావాటితో ఎలా ఒప్పుకుంటుంది?

ఇప్పుడు ప్రతి జతలోనూ నేరుగా వచ్చిన సిగ్నల్‌ని కొలిచి, టేపు దూరంతో తేడాని తీసేస్తున్నాను. కేబుల్ అయినా క్లాక్ అయినా ఒకే దెబ్బకు పోతుంది. ఆరు జతలూ ఒప్పుకుంటున్నాయి.

అయినా ఆనందం సగమే. ఆరు ఒప్పుకోవాలని గట్టిగా పెట్టినా మూడు కార్లకు ఆరు చుక్కలు. ఒక కారుకు రెండు. అన్నిటికీ ఆరుకు ఆరు. ఏది దయ్యమో ఏది కారో చుక్కని చూసి చెప్పలేకపోతున్నాను.

---

దీర్ఘవృత్తం

నేను లెక్కలు చెప్పుకునేవాణ్ని, రాడార్ గురించి తెలిసింది తక్కువ. ఒక ప్రశ్న అడుగుతాను. మీరు లీస్ట్ స్క్వేర్స్‌తో స్థానం సరిదిద్దేటప్పుడు కంప్యూటర్ ఏమైనా గొణిగిందా?

ఎందుకు అడుగుతున్నానంటే. దీర్ఘవృత్త సమీకరణంలో రెండు వర్గమూలాలుంటాయి, చూడ్డానికి ఇబ్బందిగా ఉంటుంది. దాన్ని సులువు చేసే పాత కిటుకు ఒకటుంది. కారు నుంచి టీ దూరాన్ని కూడా ఒక తెలియని సంఖ్య అనుకోండి. కొలిచిన మొత్తంలోంచి దాన్ని తీసేస్తే ఆర్ దూరం. రెండు వైపులా వర్గం చేస్తే కారు స్థానం వర్గాలు కొట్టుకుపోయి, మామూలు సరళ సమీకరణం మిగులుతుంది. మీకు తెలియనివి నాలుగు: అడ్డం, నిలువు, టీ1 దూరం, టీ2 దూరం. సమీకరణాలు ఆరు. హాయిగా తేలాలి.

కానీ ఆ సమీకరణంలో నిలువు కొలతకు గుణకం ఏమిటో చూడండి: టీ నిలువులోంచి ఆర్ నిలువు తీసేస్తే వచ్చేది, దానికి రెట్టింపు. మీ పెట్టెలన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. అంటే ఆరు సమీకరణాల్లోనూ ఆ గుణకం సున్నా. నిలువు వరస మొత్తం సున్నాలైతే కారు దారికి ఎంత దూరంలో ఉందో ఆ సమీకరణాలకు చెప్పే శక్తే లేదు. టీ దూరం తెలుసు కాబట్టి పైథాగరస్‌తో వెనక్కి లాగొచ్చు, అప్పుడు వర్గమూలం వస్తుంది, దానికి ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. దారికి అటువైపు ఒక కారు, ఇటువైపు దాని ప్రతిబింబం. ఆరు దీర్ఘవృత్తాలకూ ఆ గీతే అక్షం, కాబట్టి రెండు చోట్లా ఆరూ కలుస్తాయి.

ఇది అల్గారిథమ్ మారిస్తే పోయేది కాదు. అద్దంలో కనిపించేది కూడా నిజమే అంటున్నాయి మీ దీర్ఘవృత్తాలు, వాటి తప్పేం లేదు. మీ పెట్టెలు అటూ ఇటూ ఒక మీటరు జరిగి ఉన్నాయన్నారు, 7.5 మీటర్ల రిజొల్యూషన్ ముందు అది లెక్కలోకి రాదు.

---

చుక్కలలెక్క

గొణిగింది సార్. మొదటి రోజు నుంచీ గొణుగుతూనే ఉంది, మ్యాట్రిక్స్ దాదాపు సింగులర్ అని, అంటే ఈ సమీకరణాలతో ఒకే జవాబు తేలదని. ఎర్ర అక్షరాలు చూసి చిరాకేసి, వికర్ణం మీద ఒక చిన్న సంఖ్య కలిపేశాను. నోరు మూసుకుంది. ఎంత చిన్న సంఖ్యో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

సరే, జనరేటర్ ఒకటి అద్దెకు తెచ్చి ఆర్2ని దారి నుంచి 35 మీటర్లు పక్కకు జరిపాను. చేత్తో సరిచూశాను కూడా. ఆర్2 జరిగిన వైపే దారికి 60 మీటర్ల దూరంలో, ఆర్2 పాత చోటు నుంచి 40 మీటర్లు కుడివైపున కారుందనుకుంటే, అసలు కారు ఆర్2కి 47 మీటర్లు, దాని అద్దం బొమ్మ 103. తేడా 56 మీటర్లు, ఏడు గడుల పైమాటే. ఇక దయ్యానికి నిలువ నీడ ఉండదనుకున్నా.

ఆరు ఒప్పుకోవాలంటే దయ్యాలు పోతున్నాయి. నిజమే. కానీ కార్లు కూడా పోతున్నాయి, ఎందుకంటే ఏదో ఒక జతలో కారు మాటిమాటికీ మసకబారుతోంది. అందుకని నాలుగుకు దించుతున్నా. దించగానే దయ్యాలు మళ్లీ హాజరు.

---

పాతకాపు

ఆర్2ని కదిపితే మారేవి రెండే జతలు కదా, టీ1తో ఒకటి, టీ2తో ఒకటి. మిగతా నాలుగు జతలకు మైదానం ఇంకా అద్దంలాగే ఉంది. మీ దయ్యానికి నాలుగు ఓట్లు అలాగే ఉన్నాయి, మీరు అడిగేదీ నాలుగే.

ఇప్పుడు టీ2ని కూడా కదపండి, ఆర్2 పోయిన వైపు కాకుండా రెండో వైపు, ఒక 40 మీటర్లు. ట్రాన్స్‌మిటర్ కదిలితే మూడు జతలు మారతాయి. ఆర్2 మార్చినవి రెండు, టీ2 మార్చేవి మూడు, టీ2-ఆర్2 రెండింట్లోనూ ఉంది కాబట్టి మొత్తం నాలుగు. పాత గీత మీద మిగిలేవి టీ1-ఆర్1, టీ1-ఆర్3 మాత్రమే. రెండు ఓట్లతో దయ్యం డిపాజిట్టు కూడా దక్కించుకోలేదు. ఈ వ్యవస్థలో ఒక పెట్టె ఒక జతకు కాదు, అవతలి వైపు ఎన్ని ఉంటే అన్ని జతలకు లెక్క. మంచికీ చెడ్డకీ అంతే. కేబుల్ దగ్గర మిమ్మల్ని ముంచింది, ఇక్కడ తేలుస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. కారు దారి దాటేటప్పుడు మాయమవుతోందా? మీరు చెప్పలేదు, కానీ అవుతూ ఉండాలి. టీకీ ఆర్‌కీ మధ్య గీత మీదికి వచ్చిన వస్తువు మొత్తం దూరం నేరు దూరంతో సమానం. పైగా అక్కడ కాస్త జరిగినా మొత్తం దాదాపు మారదు, డాప్లర్ (కదలిక వల్ల ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు) కూడా సున్నాకు దగ్గరవుతుంది. మీరు కదలనివి తీసేస్తూ దాన్నీ ఊడ్చేస్తారు. ఇప్పటిదాకా అందరి గీతా ఒకటే కాబట్టి చాలా జతలు ఒకేసారి గుడ్డివైపోయేవి. విడగొడితే ఒక్కో జత ఒక్కోచోట గుడ్డిదవుతుంది.

మసకబారడం గురించి. అది పాడు కాదు, అది కారు స్వభావం. కారు నాలుగు మీటర్ల వస్తువు, మీ తరంగం 5.2 సెంటీమీటర్లు. 150 మీటర్ల దూరంలో యాంటెన్నాని ఓ రెండు మీటర్లు పక్కకు జరిపినా కారు వేరేగా మెరుస్తుంది. మీ పెట్టెలు పదుల మీటర్ల దూరంలో ఉన్నాయి, ఒకదానికి తళుక్కుమన్నది ఇంకోదానికి చీకటి. హైమోవిచ్, బ్లమ్, సిమిని 2008లో ఈ విడివిడి యాంటెన్నాల మైమో గురించి వివరంగా రాసినప్పుడు దీన్నే లాభంగా చూపించారు: అన్నిటికీ ఒకేసారి చీకటి కావడం అరుదు. కాబట్టి ఆరుకు ఆరు అని పట్టుబట్టకండి.

అసలు ఈ ఉంది-లేదు ఓటింగే వదిలేయండి. ముందుగా ప్రతి జతలో ఒక గీటు పెట్టి, దానిపైన ఉన్నదాన్నే దీర్ఘవృత్తంగా గీసి, తర్వాత కోయిస్తున్నారు. గీటు కింద కాస్తలో ఆగిపోయిన సమాచారం అప్పుడే చచ్చిపోయింది. దానికి బదులు మైదానాన్ని 2 మీటర్ల గడులుగా చేయండి. 150 నిలువు, 150 అడ్డం, 22,500 గడులు. ప్రతి గడికీ ఆరు జతల్లో ఎంత ఆలస్యం రావాలో ముందే తెలుసు. ఆ ఆలస్యం దగ్గర ప్రతి జతలో ఎంత బలం ఉందో తీసి కలపండి. మొత్తం 1,35,000 సార్లు పట్టిక చూడటం, మీ లాప్‌టాప్‌కి రెప్పపాటు. ఏ ప్రతిధ్వని ఎవరిదన్న ప్రశ్నే ఇక్కడ రాదు, గడే అడిగి తెచ్చుకుంటుంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. బలాల్ని ఉన్నవున్నట్టు కలపకండి. ఒక కారు పక్కభాగం టీ1-ఆర్1కి సరిగ్గా అద్దంలా తిరిగిందనుకోండి, ఆ ఒక్క జతలో మిగతావాటికంటే వందరెట్లు బలం వస్తుంది. దాని దీర్ఘవృత్తం మొత్తం మెడలో గొలుసులా మెరిసిపోతుంది, అసలు కారు ఎక్కడో తెలియదు. ఒక్కో జత ఇవ్వగలిగే మార్కులకు పైన హద్దు పెట్టండి, లేదా లాగరిథమ్ తీసి కలపండి. ఒక్కడు గట్టిగా అరిచినా ఒక్క ఓటే.

తర్వాత, అన్ని శిఖరాల్నీ ఒకేసారి ఏరకండి. అతి పెద్దదాన్ని ఒక్కదాన్నే తీసుకోండి. దాని స్థానాన్ని గడుల మధ్య కూడా సరిదిద్దండి (ఇప్పుడు మీ మ్యాట్రిక్స్ గొణగదు). ఆ కారు ఆరు జతల్లో ఎక్కడ ఎంత ఉండాలో అంత తీసేయండి. పటం మళ్లీ కట్టండి. మళ్లీ పెద్దది. రేడియో ఖగోళంలో హోగ్‌బోమ్ 1974లో చెప్పిన క్లీన్ పద్ధతికి ఇది చుట్టమే. దయ్యానికి సొంత ప్రతిధ్వని ఏదీ ఉండదు, అటు ఒక కారు నుంచి రెండు, ఇటు ఇంకో కారు నుంచి రెండు అరువు తెచ్చుకుని బతుకుతుంది. అప్పిచ్చినవాణ్ని లేపేస్తే అదే కూలిపోతుంది. సరిదిద్దకుండా తీసేస్తే మాత్రం పక్కన ఊక మిగిలి, అదే ఇంకో కారులా కనిపిస్తుంది, జాగ్రత్త.

---

రవ్వంత_నాయిస్

పాతకాపు గారూ, నా 7,776 వెనక్కి తీసుకుంటున్నాను. కార్లు మసకబారతాయని లెక్కలో పెట్టుకోలేదు. ఒక్కో జతలో "ఏమీ రాలేదు" అనేది కూడా ఒక వరస అయితే ఆ సంఖ్య ఎక్కడికో పోతుంది.

డాప్లర్ ఎవరూ ఎత్తలేదేంటి? ఒక్కో కారుకు 100 మిల్లీసెకన్లు పోగేస్తే 10 హెర్ట్జ్ దాకా విడిపోతాయి. గడిలో నిజంగా కారుంటే దానికి ఒకే వేగం, ఒకే దిశ ఉండాలి, ఆరు జతల డాప్లర్లూ ఆ రెండు సంఖ్యల నుంచే రావాలి. అరువు తెచ్చుకున్న దయ్యానికి అది కుదరదు కదా.

---

పాతకాపు

కుదరదు. మంచి జల్లెడ అది, నేనే చెప్పాల్సింది. గంటకు 18 కిలోమీటర్లు అంటే సెకనుకు 5 మీటర్లు, డాప్లర్ ఎంత పెరిగినా 190 హెర్ట్జ్ చుట్టుపక్కల ఆగుతుంది. ఆయనకు 2 మిల్లీసెకన్లకోసారి వంతు కాబట్టి 250 దాకా తికమక లేదు. ఒకటే, అద్దం దయ్యానికి డాప్లర్ కూడా అద్దంలోంచే వస్తుంది, వేగాన్ని తిరగేసుకుని సరిగ్గా సరిపోతుంది. దాన్ని పట్టాలంటే పెట్టె కదపాల్సిందే.

---

చుక్కలలెక్క

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, మధ్యలో రెండు రోజులు వాన.

టీ2ని 40 మీటర్లు కదిపాను. గడుల పటం కట్టాను, లాగరిథమ్‌తో. మొదటిసారి తెర మీద చూసినప్పుడు నమ్మలేదు. మూడు మచ్చలు. అద్దం వైపు రెండు పల్చటి చారలు మాత్రం ఉన్నాయి, టీ1-ఆర్1, టీ1-ఆర్3 దీర్ఘవృత్తాలవి, మీరు అన్నట్టే. కార్లు తీసేశాక అవీ పోయాయి. ఒక కారులో జీపీఎస్ లాగర్ పెట్టి పోల్చాను, రెండు మూడు మీటర్ల తేడాతో వెంటాడుతోంది. ఆ లాగర్ తప్పే అంత ఉంటుంది, కాబట్టి మాదెంతో ఇంకా తెలియదు.

మీరు అడిగారు కదా సార్, అవును, ఇదివరకు కార్లు దారి దాటేటప్పుడు మాయమయ్యేవి. డ్రైవర్ తప్పుగా తోలాడనుకుని ఒకసారి కసిరాను కూడా. ఇప్పుడు దాటేటప్పుడు రెండు మూడు జతలు పోతాయి, చుక్క కాస్త వణుకుతుంది, పోదు.

ఒకటే మిగిలింది. నిన్న రెండు కార్లు పక్కపక్కనే, ఐదు మీటర్ల ఎడంతో వెళ్లాయి. చుక్క ఒకటే అయిపోయింది. దూరమయ్యాక మళ్లీ రెండు.

---

దీర్ఘవృత్తం

ఐదు మీటర్లను ఒక జత ఎంతగా చూస్తుందన్నది కోణం మీద ఉంది. కారు నుంచి టీ, ఆర్ దాదాపు ఒకే దిక్కున ఉండి, కార్లు కూడా ఆ దిక్కున ముందూ వెనకా ఉంటే మొత్తం దూరంలో తేడా 10 మీటర్ల దాకా వస్తుంది, విడిపోతాయి. కారు దగ్గర ఆ కోణం 120 డిగ్రీలైతే ఎటు ఉన్నా 5 మించదు, మీ 7.5 లోపల కలిసిపోతాయి. కోణం ఇంకా తెరుచుకునేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అన్ని జతల్నీ ఒకేసారి ఏమారిస్తే చుక్క ఒకటే అవుతుంది.

---

పాతకాపు

వేగాలు వేరైతే డాప్లర్ విడదీస్తుంది, సెకనుకు అర మీటరు పైన తేడా ఉంటే చాలు. ఒకే వేగంతో పక్కపక్కనే పోతే బ్యాండ్‌విడ్త్ పెంచుకోవడం తప్ప దారి లేదు. లేదా అవి విడిపోయేదాకా ఆగి, ట్రాకర్‌తో వెనక్కి కలుపుకోండి. కారు లోపల ఉన్నవాళ్లకు చెప్పి ఒకణ్ని కాస్త నెమ్మదిగా తోలమనండి, ముందు డాప్లర్ సంగతి తేలిపోతుంది.

ఆ 10 మీటర్ల కేబుల్ మీద మాత్రం ఇవాళే ఒక కాగితం అంటించి 50 నానోసెకన్లు అని రాయండి.

---

చుక్కలలెక్క

అంటించాను సార్. కసిరిన డ్రైవర్‌కి టీ కూడా ఇప్పించాను. రేపు ఒక కారు గంటకు 15, రెండోది 18. ఫలితం ఇక్కడే పెడతాను.